తిరగేసిన చెప్పులు

యువ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ పంచమి, శనివారం. పొద్దున్నే ఆకాశం మూసుకొచ్చింది. తొలకరి పడుతుందని పట్నమంతా మెడలెత్తి చూసింది. పడలేదు. గాలి ఆడలేదు, ఉక్క తగ్గలేదు. ఆ మధ్యాహ్నం టోపీ దొర ఒట్టి మేజోళ్ళతో కొండ దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

దొర ఎవరు, కొండ ఏమిటి, బూట్లుండగా మేజోళ్ళతో దిగిపోవాల్సిన అవసరం ఏమొచ్చింది అని అడిగేవాళ్ళుంటారు కనక కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆ పట్నంలో ఒక కొండ, కొండ మీద విద్యాపీఠం, కొండ కింద కోట ఉండేవి. పైన చదువు చెప్పేవాళ్ళు, కింద బుద్ధి చెప్పేవాళ్ళు. రెంటికీ మధ్య ఒకటే దారి. టోపీ దొరకి ముందు పట్నాన్ని ఎవరు పాలించారో కుర్రకారుకి తెలీదు. తెలిసిన పెద్దవాళ్ళు చెప్పరు. దొర టోపీ తియ్యగా చూసినవాళ్ళు లేరు. బట్టతల అని కొందరనేవాళ్ళు. కాదు, ఆ టోపీ కింద ఇంకో టోపీ ఉందని మరికొందరు. ఇలాంటి సంగతులు గుసగుసగా మాట్లాడుకోవడమే ఆ రోజుల్లో రాజకీయం.

దొరకి అన్నీ ఒక్కలా ఉండాలి. విద్యాపీఠంలో అందరికీ ఒకే రకం చెప్పులు ఇప్పించాడు. నల్లవి, టైరు కోసి కుట్టినవి. దొర బావమరిది కార్ఖానాలో తయారయ్యేవి. గట్టివే, పాపం. ఆ మాట ఒప్పుకోవాలి. అరిగేవి కావు, కాళ్ళే అరిగేవి.

ప్రతి శనివారం పెద్ద హాల్లో స్తుతిసభ జరిగేది. దొర వేదిక మీద కూచుంటే పిల్లలంతా కింద కూచుని ఆయన వల్ల వానలు ఎలా పడుతున్నాయో స్తుతిపాఠకులు చెబుతుంటే వినాలి. హాలు నేల చలవరాతిది. మొహం చూసుకోవచ్చు. అందుకని ఎంతటివాళ్ళయినా చెప్పులు మెట్ల దగ్గర విడిచి వెళ్ళాల్సిందే. దొర కూడా బూట్లు విడిచేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అందరితో సమానం.

ఆ విద్యాపీఠంలో ఒక రెండు జడల పిల్ల ఉండేది. మొక్కల శాస్త్రం చదివేది. పేరు లేకపోలేదు. ఎవరికి మాత్రం లేదు? కానీ ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలుస్తున్నారో గోడలు వింటాయని ఆ రోజుల్లో అందరూ గుర్తులతోనే పిలుచుకునేవాళ్ళు. ఆమె గదిలో ఉండే ఇంకో పిల్లది బొంగురు గొంతు. ఆమెని అందరూ బొంగురు అనే అనేవాళ్ళు. ఆమెకీ కోపం లేదు. "కోకిల అని పిలిచి అబద్ధమాడే కంటే నయం కదే," అనేది.

రెండు జడల పిల్లకి భయం ఎక్కువ. బొంగురుకి నవ్వెక్కువ. రెంటికీ ఒక గదిలో బాగా కుదిరింది. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు గంజి కాచేవాళ్ళు. ఒక చింతకాయ పచ్చడి జాడీ ఇద్దరిదీ.

ఒక శనివారం సభకి వెళుతూ బొంగురు మెట్ల దగ్గర ఆగింది.

"చెప్పు తిరగబడితే ఇంట్లో గొడవొస్తుందంటుందే మా అమ్మమ్మ."

"అయితే తిన్నగా విడిచి లోపలికి పద."

"గొడవ రాకపోతే ఎలాగే మరి?" అని, ఒక చెప్పు తిరగేసి లోపలికి వెళ్ళింది.

అంతే, చేసినదేమీ లేదు. కానీ సభ అయ్యాక బయటికొచ్చిన వందలమంది ఆ ఒక్క చెప్పుని చూశారు. నల్ల చెప్పుల బారులో అడుగు ఆకాశానికి చూపిస్తూ పడి ఉంది. మరుసటి శనివారం అలాంటివి నాలుగైదు కనిపించాయి. ఆపై వారం లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. అన్నీ ఒకేలా ఉండే చెప్పులు. ఏది ఎవరిదని పట్టుకుంటారు? దొర తెచ్చిన క్రమమే దొర కళ్ళకి గంతలు కట్టింది.

ఒక్కటి మాత్రం పోల్చుకోవచ్చు. బొంగురు చెప్పు పట్టీ తెగి, దానికి పిన్నీసు పెట్టుకుంది. భటుడు మెట్ల పక్కన నిలబడి, పిన్నీసు చెప్పులో ఎవరు కాలు పెడతారా అని చూశాడు. ఆమె కాలు పెట్టింది. అటునుంచి అటే కోట జైలుకి, అంతకుముందు పట్టుకుపోయిన కుర్రాళ్ళ దగ్గరికి తీసుకుపోయారు. రెండు జడల పిల్ల పక్కనే నిలబడి ఉంది. చూసింది. ఆ వారం నుంచి పచ్చడి జాడీ మూత తియ్యలేదు.

ఇక ఆ శనివారం సంగతి. స్తుతిసభ ముగిసి దొర గుమ్మంలోకి వచ్చాడు. మెట్ల నిండా చెప్పులు. ఒక్కటి మిగలకుండా అన్నీ తిరగేసి ఉన్నాయి. స్తుతిపాఠకులవి తప్ప. ఆ అయిదారు జతలూ ఎప్పట్లాగే తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. దొర వాటిని చూడలేదు. తన బూట్లు చూశాడు. అవీ బోర్లా పడి ఉన్నాయి.

దొర పుట్టి బుద్ధెరిగి వంగి ఎరగడు. భటుడి వైపు చూశాడు. భటుడు ఆకాశంలోకి చూశాడు, వాన పడుతుందేమోనన్నట్టు. రెండో భటుడికి దగ్గొచ్చింది. ఎవరూ వంగలేదు. దొర కాసేపు నిలబడి, మేజోళ్ళతోనే మెట్లు దిగాడు, కొండ దిగాడు, పట్నం దాటాడు. ఒక పాలనని కత్తులు కూల్చలేకపోవచ్చు గానీ నలుగురి నడుములు కూల్చగలవు, వంగకపోతే చాలు.

ఆ బూట్లు తిప్పింది ఎవరు? ఆ రోజున ఎవరూ చెప్పలేదు. తరవాత వారం గడిచేసరికి తిప్పినవాళ్ళు ఇరవైమందికి పైగా తేలారు. అందులో ఇద్దరు ఆ శనివారం ఊళ్ళోనే లేరు.

దొర పోయాడు. పట్నంలో బాణాసంచా కాల్చారు. కోట తలుపు మాత్రం తెరుచుకోలేదు. రెండు జడల పిల్ల పరుగున కోటకి వెళ్ళింది. తాళం చెవుల గుత్తి నడుముకి కట్టుకుని జైలరు కూచుని జామకాయ తింటున్నాడు.

"దొర పోయాడుగా, మావాళ్ళని వదిలెయ్యండి బాబాయిగారూ."

"వదలొద్దని నేనన్నానా తల్లీ? తాళం నా దగ్గరుంది. హుకుం లేదు. మొన్నటిదాకా దొర హుకుం. ఇప్పుడెవరి హుకుమో కనుక్కునిరా, గంటలో తీసేస్తా."

ఆమె కనుక్కోడానికి బయల్దేరింది. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

దొర కాలంలో ఇల్లు కదలకుండా కట్టడి చేసిన పెద్దలు కొందరు బయటికొచ్చారు. వాళ్ళలో ముందు నిలిచినవాడు తెల్లమీసాల పెద్దాయన. మంచివాడు. ఏళ్ళ తరబడి గదిలో కూచుని, రేపు స్వేచ్ఛ వస్తే దాన్ని ఏ పద్ధతిలో నడపాలా అని ఆలోచించినవాడు. ఆయన విద్యాపీఠానికి వచ్చి, "నాయనలారా, అమ్మలారా, ఇకనుంచి మీ మాటే రాజ్యం. మాట్లాడండి," అన్నాడు.

అంతకాలం మాట్లాడనివాళ్ళు ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. వంటపాత్రల సామాను అటక మీంచి జారి పడ్డట్టయింది. టైరు చెప్పులు కుప్పపోసి కాల్చెయ్యాలని ఒక జట్టు. కాదు, అవి మన విజయచిహ్నాలు, భద్రంగా దాచుకోవాలని ఒక జట్టు. కాల్చడమూ వద్దు, దాచడమూ వద్దు, ముందు తొడుక్కోడానికి వేరే ఉన్నాయా అని మూడో జట్టు. దాచుకోవాలన్న జట్టు మళ్ళీ రెండుగా చీలింది. మొదట తిరగేసింది ఎడమ చెప్పని కొందరు, కుడిదని కొందరు. ఆ గొడవలో ఒకడి చొక్కా చిరిగింది. మొదట తిరగేసిన మనిషి పక్కన నిలబడి చూసిన పిల్ల అక్కడే ఉంది. ఆమెని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేకపోయేదేమో. ఆ రోజు ఆమె చూసింది చెప్పుని కాదు, చుట్టూ ఎవరు చూస్తున్నారా అని.

ఆమె జట్టు జట్టుకీ తిరిగింది.

"అక్కా, నువ్వెటు? ఎడమా, కుడా?" అని అడిగేవాళ్ళు.

"కోటలో మనవాళ్ళున్నారు. ముందు వాళ్ళ సంగతి..."

"అదీ మా తీర్మానంలో ఉందిలే. ఏడో అంశం. ముందు నువ్వెటో చెప్పు."

"నేనెటూ కాదు."

"అట్లా అయితే నీ మాట ఏ ఖాతాలో వేస్తాం?"

చివరికి ఆమె తెల్లమీసాల పెద్దాయన దగ్గరికే వెళ్ళింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కోట తలుపు ఒకటే కదా అన్నాడు. దొర పోయాక దొర వేగులవాళ్ళు కొందరిని జనం పట్టుకుని అదే కోటలో పడేశారు. తలుపు తీస్తే అందరూ వస్తారు. ఇప్పుడే తీద్దామా, విచారణ సభ ఒకటి ఏర్పడి మంచీచెడూ తేల్చేదాకా ఆగుదామా? రెంటికీ న్యాయం ఉంది.

"ఇది నేను తేల్చేది కాదమ్మా. నేను తేలిస్తే నేనూ ఇంకో టోపీ పెట్టుకున్నట్టే. మీరే ఓటు వేసి తేల్చండి. మీవాళ్ళే కదా లోపలున్నది, మీరు కాదంటారా?"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. నిజమే. ఎవరు కాదంటారు?

ఓటు ఎలా వెయ్యాలి అన్న ప్రశ్నకి మాత్రం అన్ని జట్లూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. చెప్పులతో వేస్తాం. మాకు తెలిసిన ఓటు అదే. దాంతోనే దొరని పంపించాం. పెద్దాయన ముచ్చటపడ్డాడు. "సరే. శనివారం సభ. తలుపు ఇప్పుడే తీద్దామన్నవాళ్ళు చెప్పులు తిన్నగా విడవండి. వద్దు, ఆగుదామన్నవాళ్ళు తిరగెయ్యండి," అన్నాడు. అంతకంటే సహజమైన పద్ధతి ఏముంటుంది? గదిలో కూచుని ఆలోచించిన ఎవరికైనా అదే తోస్తుంది. రెండు జడల పిల్లకి ఎక్కడో ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ చప్పట్లు మోగుతున్నాయి. ఆమె చప్పట్లు కొట్టింది.

శనివారం వచ్చింది. మెట్ల దగ్గర తిరునాళ్ళలా ఉంది. ఆమె చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన తిన్నగా పెట్టి, చూసి, తృప్తిపడి, తలెత్తింది.

బారులు బారులుగా తిరగేసిన చెప్పులు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టు తిరగేసి పోతున్నారు. కొందరు ఆలోచించకుండానే, గుమ్మం దాటుతూ గడపకి దణ్ణం పెట్టినట్టు. కొందరు ఆగి, తిన్నగా పెట్టి, ఇటూ అటూ చూసి, మళ్ళీ తిరగేసి. బోర్లించిన చెప్పు అంటే వాళ్ళకి వయసొచ్చినరోజు. మొదటిసారి భయం వదిలిన రోజు. తిన్నగా విడిచిన చెప్పు అంటే స్తుతిపాఠకుడు. అది కాళ్ళకి పట్టిన సంగతి, తలకి చెప్పి మాన్పించేది కాదు.

వెనక నుంచి ఎవడో కుర్రాడు అన్నాడు. "ఒరేయ్, ఈ తిన్నని జత ఎవరిదిరా? దొరగారి చుట్టాలెవరో ఇంకా మిగిలారే!"

"పాపం, పెళ్ళికొచ్చిందేమో, పొరపాటున ఇటొచ్చింది," అన్నాడు ఇంకొకడు.

నలుగురూ నవ్వారు. రెండు జడల పిల్ల చెవులు వేడెక్కాయి. ఆ జత తనదని ఎవరికీ తెలీదు. అన్నీ ఒకేలా ఉంటాయి కదా. అయినా అందరూ తన వీపునే చూస్తున్నట్టనిపించింది. ఆమె పమిట సర్దుకుంటున్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి, కాలి బొటనవేలితో ఒక చెప్పుని మెల్లిగా తోసింది. అది అడ్డంగా పడి, ఒక క్షణం ఆలోచించి, బోర్లా పడింది.

ఆమె లోపలికి వెళ్ళి కూచుంది.

లోపల ఉపన్యాసాలు. ఎడమ జట్టు నాయకుడు కోట తలుపులు బద్దలుకొట్టాలన్నాడు. కుడి జట్టు నాయకుడు అంతకంటే గట్టిగా అన్నాడు. ఒకాయన బొంగురు గొంతు పిల్ల గురించి మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఆమెని చూసి ఎరగడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండు జడల పిల్లకి ధైర్యం వచ్చింది. ఒక్క చెప్పుతో ఏమవుతుందిలే, అందరూ తలుపు తియ్యమనే అంటున్నారు అనుకుంది. ఆ హాల్లో ప్రతి ఒక్కరూ సరిగ్గా అదే అనుకుంటున్నారు.

బయటికొచ్చి పెద్దాయన మెట్ల మీద నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. చేతికర్రతో తిన్నగా ఉన్న చెప్పులు ఎత్తి చూపించాడు. అయిదారు జతలు. పాత స్తుతిపాఠకులవి. వాళ్ళకి తిన్నగా విడవడం అలవాటు. కోట తలుపు తియ్యమని అడిగినవాళ్ళు ఆ పట్నం మొత్తం మీద వాళ్ళే.

"తలుపు ఇప్పుడు వద్దన్నారు," అన్నాడు పెద్దాయన. గొంతులో ఆశ్చర్యం ఉంది, అయినా స్థిరంగానే ఉంది. "ప్రజల మాట. మొదటిసారి అడిగాం, చెప్పారు. శిరసావహించాలి."

ఒక్కసారిగా గోల లేచింది. మేమన్నది అది కాదని కొందరు. అదేనని కొందరు. అప్పటిదాకా ఏమీ అనుకోనివాడు కూడా తాను తిరగేశాడు కనక తిరగెయ్యడానికో కారణం ఉండే ఉంటుందని వెతుక్కున్నాడు. సాయంత్రానికల్లా ప్రతివాడికీ ఒకటి దొరికింది. వేగులవాళ్ళు తప్పించుకుపోరూ? విచారణ లేకుండా తలుపులు తీస్తే దొరకీ మనకీ తేడా ఏమిటి? మంచి కారణాలే. పొద్దున్న లేవు, అంతే.

రెండు జడల పిల్ల జనాన్ని తోసుకుని పెద్దాయన దగ్గరికి చేరింది.

"బాబుగారూ, ఇది పొరపాటు. వాళ్ళ మనసులో ఉన్నది ఇది కాదు. మళ్ళీ పెట్టండి."

"అమ్మా, వాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పగలిగితే ఓటు ఎందుకు? మనకి నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అడిగితే అది అడగడం అవుతుందా?" ఆయన వంగి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్పు. నీ మనసులో తలుపు తియ్యాలనే కదా ఉంది?"

"అవునండీ."

"నీ చెప్పులు ఎలా విడిచావు?"

ఆమె మెట్ల మీద బోర్లా పడ్డ తన చెప్పు వైపు చూసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

ఆమె కోటకి నడిచింది. ఎండ ఇంకా ఉంది. గోడలో మనిషి ఎత్తున ఊచల కిటికీ ఒకటి ఉంది. జైలరు అటు తిరిగి జామకాయ తింటున్నాడు. ఊచల వెనక బొంగురు మొహం కనిపించింది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం అవే.

"ఏమే రెండు జడలా! పొద్దుటినుంచీ కొండ మీద ఏమిటే ఆ హోరు? ఇక్కడిదాకా వినిపిస్తోంది."

"ఓటు పెట్టారే."

"ఓటా! దేంతో?"

"చెప్పులతో."

బొంగురు ఊచలు పట్టుకుని పైకి లేచింది. "మన చెప్పులతోనే? అమ్మదొంగా! మరి చెప్పవేం? ఎంతమంది తిరగేశారే?"

రెండు జడల పిల్ల ఊచ మీది తుప్పు గోటితో గీకింది.

"ఇంచుమించు అందరూ."

"అందరూనా!" బొంగురు వెనక్కి తిరిగి చీకటి గదుల వైపు కేకేసింది. "ఒరేయ్ అన్నలూ, వినండి! అందరూ తిరగేశారుట! అందరూ!" లోపల ఎక్కడెక్కడినుంచో గిన్నెలు మోగాయి. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో ఏడ్చారు. ఆమె మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచల్లోంచి చెయ్యి చాచి ఒక జడ పట్టుకుని లాగింది. "నేను మొదలుపెట్టిన రోజు ఒక్క చెప్పు. నన్ను పట్టుకుపోయాక అందరూ భయపడి మానేశారేమో అనుకున్నానే. రాత్రిళ్ళు అదే దిగులు. చూశావా?"

"చూశాను."

"నీదీనా? భయస్తురాలా, నువ్వూ తిరగేశావా?"

"నాదీ."

"నాకు తెలుసే," అంది బొంగురు. "నువ్వు తిరగేస్తావని నాకు తెలుసు."

రెండు జడల పిల్ల కొండ వైపు నడిచింది. చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఏది చెప్పాలనుకుందో దారిలో ఆమెకే సరిగ్గా గుర్తు రాలేదు.

తరవాత జరిగింది లోకరీతి. దొర కుర్చీ తెల్లమీసాల పెద్దాయనకి వచ్చింది. ఆయన వద్దన్నాడు, అందరూ బలవంతం చేశారు, నడుంనొప్పికి దిండు ఒకటి వేయించుకున్నాడు. దొర తోట ఎడమ జట్టుకి, తోటకి నీళ్ళు పెట్టే బావి కుడి జట్టుకి వచ్చాయి. చెప్పుల కార్ఖానా దొర బావమరిదికే ఉండిపోయింది. ఇప్పుడు ఆరు రంగుల్లో చేస్తున్నాడు. స్తుతిపాఠకులకి వేదిక, దాని మీది తివాసీ వచ్చాయి. మొదటి ఓటులో స్వేచ్ఛ పక్షాన నిలబడ్డది తామేనని వాళ్ళు చెప్పుకుంటారు, అది అబద్ధమూ కాదు. జైలరుకి తాళం చెవులు ఎప్పట్లాగే మిగిలాయి. విద్యాపీఠానికి ఏడాదికొక సెలవు రోజు వచ్చింది.

విచారణ సభలో విద్యార్థుల స్థానం ఒకటి ఉంది. ఏ జట్టు మనిషినీ ఇంకో జట్టు ఒప్పుకోలేదు. ఏ జట్టులోనూ లేదు కనక అది రెండు జడల పిల్లకి వచ్చింది. సభ ఏర్పడి, పద్ధతులు తేల్చుకుని, కోట తలుపు తెరిచేసరికి చలికాలం వచ్చింది. అప్పటికి వేగులవాళ్ళలో చాలామంది జైలరుతో పరిచయం పెంచుకుని ముందే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళందరితోపాటు బొంగురు బయటికొచ్చింది. చలికి గొంతు పూర్తిగా పోయింది. కొండ మీద గదిలో ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. చదువు గడువు దాటిపోయింది. విజయోత్సవ ఊరేగింపు ముందటి వారమే అయిపోయింది.

ఏం కావాలో అడగడానికి సభ తరఫున రెండు జడల పిల్లే వెళ్ళింది. బొంగురు నవ్వి, పెదాలు మాత్రం కదిపి, అందరూ తిరగేశారుగా, ఇంకేం కావాలి అంది. బొంగురుకి ఏమీ రాలేదు.